చిత్తూరులో మా మాత్రల లెక్క

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటిన తరవాత. చిన్నప్పుడు మా నాయన నన్ను మేకల వెంట పంపాడు, బడికి కాదు. మా పేటలో సాయంత్రం బడి పెట్టాకే పలక పట్టాను. రాయడం వచ్చాక కూడా ఈ ప్రయాణం గురించి చాలాకాలం రాయలేదు. నా పక్క సీట్లో కూర్చున్న మనిషిని ఎవరైనా పోల్చుకుంటారేమోనని భయం. ఇప్పుడు ఆమె పేరు, పని మార్చి రాస్తున్నాను. కస్తూరి అనుకోండి.

నేనూ కస్తూరీ హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లం. ఇద్దరికీ అది భర్తల నుంచే వచ్చింది, ఇద్దరి భర్తలూ పోయారు. నాకు ముందూ వెనకా ఎవరూ లేరు. కస్తూరి మాత్రం కంపెనీ పనికి పోతూ అత్తగారింట్లోనే ఉంటుంది. కొడుకు కామెర్లతో పోయాడనే ఆ ఇంట్లో ఈనాటికీ అనుకుంటున్నారు.

మాది సత్యవేడు. మా ఊరి ఆసుపత్రిలో ఈ మాత్రలిచ్చే కిటికీ తెరిచి ఏడాది కావస్తోంది. అయినా మేమంతా తిరుపతికే పోయేవాళ్లం. ఇంట్లో స్వామి దర్శనమని చెప్పడం, మాత్రలు సంచీ అడుగున పెట్టుకుని పైన లడ్డుతో తిరిగి రావడం మా వాళ్లలో పాత పద్ధతి. కొండ ఎక్కడానికి టైము లేనివాళ్లు బస్టాండులో దిగివచ్చే భక్తులను బతిమాలి ఒక లడ్డు తీసుకునేవాళ్లు.

వచ్చే ఏడాది మందులకు, సిబ్బందికి, తిరుగుళ్లకు ఎంత డబ్బు కావాలో అంచనా కట్టడానికి చిత్తూరులో సమావేశం పెట్టి, పాత చిత్తూరు జిల్లా అంతటి నుంచి మందులు వాడేవాళ్లను కొందరిని పిలిచారు. సత్యవేడు నుంచి నన్ను రమ్మన్నారు. ఆ సంగతి తెలిసి ముందురోజు కస్తూరి మా ఇంటికి వచ్చింది.

"ఊళ్లో కిటికీ ఉండాది గదా, ఇంక తిరుపతిలో మన మాత్రలు పెట్టరంట. నిజమేనా అక్కా? మన ఊరి ఆసుపత్రి ఎదురుగానే మా ఆడబిడ్డ మొగుడి టీ అంగడి. ఆడ ఇచ్చేటట్టయితే నేను మానేస్తా."

మానేస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ ఇళ్లలో చూసిన సంగతే. ఆ మాట చిత్తూరులో చెప్పాలనే నేను బయలుదేరాను.

తెల్లవారి అయిదున్నరకు తిరుపతి బస్సెక్కాం. ఆ రోజు కస్తూరికి మాత్రలు తెచ్చుకునే రోజు కూడా. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. నాగలాపురంలో పూలగంపతో ఎక్కిన ముసలామె కస్తూరిని చూసి నవ్వింది.

"ఏమ్మే, మళ్లీ తిరప్తికేనా? నెలనెలా స్వామి నిన్నే పిలస్తా ఉండాడే. మమ్మల్ని ఏడాదికొక తూరి గూడా పిలవడు."

"నువ్వు పూలు పావు మూర తక్కవ ఏస్తావని కోపమేమో అవ్వా," అంది కస్తూరి. బస్సంతా నవ్వింది. కస్తూరి చెయ్యి మాత్రం నా మోకాలు గట్టిగా పట్టుకునే ఉంది.

ఎనిమిది దాటాక తిరుపతిలో దిగాం. బస్టాండు బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాం, ముప్పై రూపాయలు. సాయంత్రం అక్కడే కలుసుకుందామని కస్తూరి ఆసుపత్రి వైపు ఆటో ఎక్కింది. నేను చిత్తూరు బస్సు ఎక్కాను. చంద్రగిరి దాటేదాకా కిటికీలోంచి కోట గుట్ట చూస్తూ కూర్చున్నాను. పక్కనామె కాణిపాకం పోతోంది. నేనెక్కడికని అడిగితే మీటింగుకని చెప్పాను.

"మీటింగా? ఏం మీటింగు?"

"మందులది."

"పురుగుమందులా? మా మామిడికి ఏం కొట్టినా తేనెమంచు పురుగు పోలా. వాళ్లను గట్టిగా అడుగు."

అడుగుతానని చెప్పాను. అబద్ధం అంత సులువుగా నోటికి వస్తుంది మాకు.

చిత్తూరు బస్టాండు నుంచి షేర్ ఆటోకు ఇరవై తీసుకున్నాడు. సమావేశం ఒక ప్రభుత్వ కార్యాలయం మేడ మీద. మీలో ఎవరికైనా ఇలాంటి పిలుపు వస్తే మంచినీళ్లు తీసుకుపోండి, మెట్లు ఎక్కువ. పదిన్నరకు అధికారి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. బయటి దేశాల సాయం తగ్గుతోందని, మనలాంటి దేశాలన్నీ తమకెంత కావాలో తామే లెక్కగట్టుకోవాల్సిన రోజులివని చెప్పాడు. తరవాత ఒక్కో ఊరికి ఎన్ని మాత్రలు, ఎంతమంది మనుషులు కావాలో గోడ మీద తెరపై చూపించాడు. సత్యవేడు వాళ్ల మాత్రలన్నీ సత్యవేడు గడిలోనే ఉన్నాయి. తిరుపతి గడిలో మాకేమీ లేదు.

పలమనేరు నుంచి వచ్చిన రెడ్డెప్ప లేచాడు. "సార్, మావోళ్లు పలమనేరులో తీసుకోరు. కోలారుకు పోతారు. ఆ కోలారోళ్లు మా పలమనేరుకొస్తారు. బస్సులోళ్లకే లాభం."

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి, నా వైపు చూశాడు. నేను లేచి, మా వాళ్లు కొందరు ఊళ్లో తీసుకోలేరని, తిరుపతిలో లేకుండా చేస్తే మందులు మానేస్తారని చెప్పాను.

"ఎంతమందమ్మా?"

నా దగ్గర లెక్క లేదు. అది తెలియాలంటే ఇల్లిల్లూ తిరిగి అడగాలి. దాక్కున్నవాళ్లను లెక్కపెట్టడమంటే వాళ్లను వీధిలోకి తేవడమే.

"చెప్పలేను సార్. అడిగితే బయటపడతారు."

ఆయన తెర వైపు చెయ్యి చూపాడు. "అమ్మా, మీ మాట నేను నమ్ముతాను. పైవాళ్లు అంకె అడుగుతారు. రెండుచోట్లా మాత్రలు, రెండుచోట్లా మనిషి అని రాస్తే ఒకటి కొట్టేస్తారు. సత్యవేడు కిటికీలో ఇంతవరకు ఒక్క పేరూ లేదు. అక్కడ కొందరు తీసుకుంటున్నారు, కొందరికి వీలుకాదు అని చూపగలిగితే, ఎవరికి నచ్చినచోట వాళ్లు అని రాయగలను. వారంలోగా నేను అంచనా పంపాలి."

మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు ఇచ్చారు. నన్ను ఊళ్లో ఆ కిటికీ దగ్గర చూస్తే ఏమనుకుంటారు? ఏమైనా అనుకుంటారు. నాకు పోగొట్టుకోవడానికి అత్త లేదు, ఆడబిడ్డ లేదు. ఉన్నదల్లా రెండిళ్లలో వంటపని. అది పోవచ్చు. భోజనాల తరవాత అధికారి దగ్గరికి వెళ్లి, "ఒక్క పేరు రాసుకోండి సార్. నాది," అన్నాను. కిటికీలో పేరు పడ్డాక ఆసుపత్రి నుంచే తనకు తెలుస్తుందని చెప్పాడు. మరొకరిద్దరిని ఒప్పించమని మాత్రం అడగలేదు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

అయిదింటికి తిరుపతిలో దిగేసరికి కస్తూరి లడ్డుతో కాచుకుని ఉంది. సత్యవేడు బస్సులో జరిగింది చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. పుత్తూరు దగ్గర నా వైపు తిరిగింది.

"నువ్వు ఆడ నిలబడితే, నీతో తిరిగే నన్ను గూడా అనుకోరా అక్కా?"

అది నాకు తట్టనే లేదు.

"అట్టని వద్దనడంలా," అంది మళ్లీ. "నాకు తిరప్తి నిలవాలంటే నువ్వు నిలబడాల. కానీ ఇంక మనం ఒక బస్సులో పోవద్దు. ఊళ్లో గూడా పలకరించుకోవద్దు."

"సరేలే."

"కోపమా?"

"కోపమెందుకు పిల్లా? మాత్రలు మాత్రం మానొద్దు."

నారాయణవనం దాటాక ఆమె లేచి ముందు సీట్లోకి వెళ్లి కూర్చుంది. సత్యవేడులో ముందు తలుపు నుంచి ఆమె దిగింది, వెనక నుంచి నేను. చిత్తూరు గోడ మీద మందులకు, మనుషులకు, వాహనాలకు గడులున్నాయి. ఈ ఖర్చుకు ఏ గడి పెడతారో నాకు తెలియదు. పెట్టమని అడగడానికీ మాటలు లేవు. ఆ ఒక్క రోజు తిరుగుడు నాకు నేర్పింది ఇదే.

మర్నాడు పొద్దున వంటపని ముగించుకుని తొమ్మిదికి మా ఊరి ఆసుపత్రికి వెళ్లాను. ఎదురుగా టీ అంగడి తెరిచే ఉంది. కిటికీ ముందు నేనొక్కదాన్నే. కూరగాయలమ్మే లక్ష్మక్క జ్వరం చీటీతో అటు వచ్చి ఆగింది.

"ఏందే, ఈ కిటికీ కాడ ఉండావు? ఇది ఆ రోగమోళ్లది గదా."

"అవునక్కా. నాకుండాది."

ఆమె చీటీ పట్టుకుని ఒకడుగు వెనక్కి వేసింది. లోపలి అమ్మాయి పేరు అడిగింది. చెంగమ్మ అన్నాను, వెనక చీటీల వరసలో వాళ్లకు కూడా వినబడేలా. అప్పుడే కస్తూరి పనిచేసే కంపెనీ బస్సు ఆసుపత్రి గేటు ముందు ఆగింది. ఆమె రోజూ కూర్చునేది ఇటు వైపే. చూపు తిప్పుకోవాలా వద్దా అని ఆమె తేల్చుకోవాల్సిన అవసరం లేకుండా, నేనే కిటికీ వైపు తిరిగి, ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను. బస్సు కదిలిన చప్పుడు వినబడేదాకా తల ఎత్తలేదు.