చెల్లెలు పాతిపెట్టిన డబ్బా

ఇది రాయకపోయినా నష్టం లేదనుకున్నాను, కానీ బస్సులో వేరే పనేముంది? తమిళనాడులో ధర్మపురి దగ్గర ఇండూరులో ఉండే మా చెల్లెలు రాజమ్మకు అరుదైన క్యాన్సర్. ధర్మపురి డాక్టరు చెన్నైలోని పెద్ద ఆసుపత్రికి చీటీ రాసి, గడ్డలోంచి కోసిన ముక్కను మైనంలో పెట్టి డబ్బాలో ఇచ్చాడు. ఈ రోజు బయల్దేరేముందు డబ్బా అడిగాను.

“పెరట్లో పూడ్చేసినా అన్నా. ఒంట్లో ముక్కని ఎవరన్నా ఇంట్లో పెట్టుకుంటారా?”

“అది చూడకుండా అక్కడ మందు రాయరు. పార తే.”

“మళ్లా తవ్వితే రోగం తిరిగొస్తాదన్నా!”

“పోయింటే కదమ్మా తిరిగొచ్చేది!”

తవ్వాను. వయసులో ఉన్నప్పుడు బావి తవ్వితే నీళ్లు పడలేదు. ఇక్కడ మూడో పోటుకే డబ్బా తగిలింది. మూత గట్టిగానే ఉంది. మీ ఇళ్లలోనూ ఇలా పూడ్చినవేమైనా ఉంటే చెప్పండి, పార పట్టుకుని వస్తాను.

రాజమ్మ డబ్బా కడిగి, తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. బస్సు ధర్మపురి దాటింది.