కొసరు పసుపు

చేరెడు పసుపు ఎంత బరువుంటుంది? తక్కెడలో వేస్తే ముల్లు కదిలీ కదలనట్టు కదులుతుంది. ఆ చేరెడు పసుపును నేను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దించడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా?

తెలిసినవాళ్లకు చెప్పలేను. చెబితే బేరం మొదలవుతుంది. ‘చిన్నతనం, పోనీలే’ అని వాళ్లు కొంత తగ్గిస్తారు, ‘అంతే కదా’ అని నేను ఇంకొంత తగ్గించుకుంటాను, చివరికి తప్పు గీసిగీసి చిటికెడవుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో మాది కిరాణా దుకాణం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మధ్యాహ్నం బాపు అన్నం తిని కునుకు తీసే వేళ గల్లా ముందు నేను కూర్చునేదాన్ని. పెళ్లి కావలసిన పిల్లకు దుకాణమేమిటని చుట్టాలు మూతులు తిప్పేవారు. నాకు మాత్రం అది సింహాసనం. పెద్ద చెరువు మీది గాలి, బెల్లం వాసన, గోనెసంచుల వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గోనెసంచి విప్పితే నా ప్రాణం ఆ గడప మీదికి పోతుంది.

కొన్న సరుకు మీద ఊరికే వేసేది కొసరు. కొసరు వేయని దుకాణానికి ఎవరూ రారు. మంచి సరుకు కొసరు వేసే దుకాణం నిలవదు. ఈ రెండో మాట బాపు నేర్పింది కాదు, నా సొంత తెలివి. పసుపు బస్తా పక్కనే గోడలకు కొట్టే సున్నపు పొడి బస్తా ఉండేది. రెండింటి మధ్య నేల మీద ఒలికిన పసుపును ఊడ్చి, ఒక పాత డబ్బాలో ఎత్తిపెట్టేదాన్ని. పసుపులో సున్నం కలిసి తడి తగిలితే ఎర్రబడుతుందని హారతి పళ్లెం చూసిన ప్రతి ఆడదానికీ తెలుసు. పొడిగా ఉన్నంతసేపు మాత్రం పచ్చగానే కనిపిస్తుంది. కూరలో పడితే చింతపండు పులుపు దాన్ని మళ్లీ పచ్చగా చేసేస్తుంది. ఎవరికీ తెలియదు. అది నా కొసరు డబ్బా. దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో.

సువార్తమ్మ ఊరి చివర క్రైస్తవుల వాడలో ఉండేది. మొగుడు లేడు. బైబిలు చంకన పెట్టుకుని మన్నెగూడ, రావిర్యాల దాకా నడిచిపోయి ఆడవాళ్లకు అందులోని కథలు చెప్పేది. చదవడం వచ్చు. రాయడం అంతగా రాదు. అందుకని చదివింది గుర్తుండేలా పేజీ అంచున బొమ్మ వేసుకునేది. కాగితం పల్చన, రంగు అవతలికి దిగుతుందని ముందు గంజి నీళ్లు పూసి ఎండబెట్టేది. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసేది. రంగులు మా దుకాణంవి: పసుపు, నీలిమందు. మసి ఆమె దీపానిది. తుమ్మబంకతో కలిపేది.

బాపు నిద్రలో ఉంటే ఆమె పుస్తకాన్ని అరుగు మీద పెట్టి తను కింద నిలబడేది. నేను పైనుంచి వంగి చూసేదాన్ని. ఓడలో మా ఊరి మేకలు. కొండ మీద మా ఊరి చీమచింత. దేవుడి మాట పక్కన ఇలా గీసుకోవచ్చా అని మొదట భయపడ్డాను, తర్వాత నాకూ చేతులు దురద పెట్టాయి. నేర్పమన్నాను.

“ముందుగాల సదువు,” అంది. “తర్వాత జర ఊకుండు. దాంట్ల నీ ఇంట్ల ఉండే వస్తువు ఒకటి దొరుకుతది. గదే గియ్యి.”

నాకు దొరికింది, దొంగ తూకం దేవుడికి అసహ్యమనే మాట. అంచున తక్కెడ గీశాను. ముల్లు ఒక పక్కకు ఒరిగిపోయింది.

“మీ బాపు తక్కెడనా బిడ్డా?” అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంత మంచి మధ్యాహ్నాలు నాకు మళ్లీ రాలేదు. పాఠానికి ఆమె ఏమీ అడగలేదు. ఉప్పు కొన్నప్పుడు కొసరుగా కాస్త పసుపు వేయమంది, బైబిల్లో పంట కోతల గురించి చెప్పే వాక్యం దగ్గర కంకులు వేయాలట. బస్తా నా కుడిచేతి వైపు ఉంది. డబ్బా ఎడమచేతి వైపు. నా చేయి అలవాటుగా డబ్బాలోకే పోయింది.

మరుసటి రోజు పేజీ చూపించింది. ఒక కొడవలి, చుట్టూ కంకులు. అన్నీ ఎర్రగా ఉన్నాయి.

“పంట సిగ్గుపడ్డది సూడు,” అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. “మంచిగ పండింది లే అక్కా,” అన్నాను.

పోలీసు యాక్షన్ అయిపోయి, రజాకార్ల భయం తీరి, సంగపోళ్ల కోసం, అంటే కమ్యూనిస్టుల కోసం, వెతుకులాట సాగుతున్న రోజులవి. పొలం గట్ల మీద బూట్లు తిరిగేవి. కొడవలి బొమ్మ ఏ గోడ మీద కనిపించినా ఆ ఇంటివాళ్లను క్యాంపుకు తీసుకుపోయేవారు. ఒక మధ్యాహ్నం సువార్తమ్మ మన్నెగూడకు బయలుదేరి మా దుకాణం ముందు నుంచి పోతోంది. జవాన్లు ఆపారు. మా మాట వాళ్ల భాషలో చెప్పడానికి మా పటేలు వెంట ఉన్నాడు. ఆమె చంకలోంచి పుస్తకం లాగి తిప్పుతూ, ఎర్ర కొడవలి దగ్గర ఆగారు.

“కొడవలి గీసినవ్. సుత్తె యాడ దాసినవే?” అన్నాడు పటేలు.

“పసుపే పెట్టిన పటేలా, ఈ దుకాణందే. గదే ఎర్రగైంది.”

జవాన్లకు చెప్పాడు. వాళ్లు నవ్వారు. పటేలు నవ్వలేదు. పుస్తకం పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు.

“ఈ పసుపు మీ దుకాణందేనట. మా ఇంట్ల హారతి పట్టరా, సున్నం గలిస్తె ఎర్రగైతదని నాకు ఎర్కే. నీ పసుపుల సున్నమున్నదా? ఉన్నదంటే చెప్పు, వీళ్లకు నేను సముదాయిస్త.”

అవ్ అంటే చాలు. చింతపండు బుట్ట నా మోకాలికి తగులుతోంది. ఒక రెబ్బ తడిపి ఆ కొడవలికి రాస్తే అందరి కళ్ల ముందే పచ్చబడేది. ఆ సంగతి ఆ వీధిలో నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

“మా పసుపుల సున్నమెందుకుంటది పటేలా,” అన్నాను. “మాది అసలు సరుకు.”

సంగపోళ్లకు బియ్యం అందిస్తున్నాడని బాపు మీద అప్పటికే ఒక కన్ను ఉంది, అందుకే భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం ఉన్నమాట నిజమే. కానీ నోటికి ముందు వచ్చింది భయం కాదు. సరుకును ఎవరైనా అనుమానిస్తే దుకాణపు పిల్ల నోరు దానంతటదే అనే మాట అది. ఒక మనిషి పోతున్నా సరుకు పేరు పోకూడదు. ఇంతకన్నా చవకగా ఎవరైనా ఎవరినైనా అమ్మి ఉంటారా?

సువార్తమ్మ నా వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. నా చేయి ఏ డబ్బాలోకి పోయిందో చూసిన మనిషి, ఆ సంగతి చెప్పి ఉండవచ్చు, చెప్పలేదు. కొంగు సర్దుకుని వాళ్ల వెంట నడిచింది.

కోతలు అయిపోయాక తిరిగి వచ్చింది. ఎడమకాలు ఈడ్చి నడుస్తోంది. చంకలో పుస్తకం లేదు. క్యాంపులో ఏం జరిగిందో నేను అడగలేదు. ఉప్పు అడిగింది. తూచి, కొసరుగా ఈసారి కుడిచేతి బస్తాలోంచి చేరెడు పసుపు తీసి పొట్లం కట్టి పెట్టాను. ఆమె దాన్ని అరుగు మీదే ఉంచి, వేలితో నా వైపు జరిపింది.

“కొసరొద్దు బిడ్డా. కొన్నది చాలు.”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కొంత గిట్టుబాటయ్యేది. తర్వాత ఆమె రావిర్యాల చుట్టాల దగ్గరికి వెళ్లిపోయిందని విన్నాను. అది ఎంత దూరమని? నేను పోలేదు.

ఈ మధ్య ఒక బైబిలు కొన్నాను. బేరం చేయలేదు, నా జన్మలో అదొక వింత. దేవుణ్ణి మార్చుకోలేదు, నా లెక్కలు ఏ దేవుడికైనా తలనొప్పే. కోతల వాక్యం వెతికి పట్టుకున్నాను. చదివాను. ఆమె చెప్పినట్టు జర ఊరుకున్నాను. అంచుకు గంజి పూసి ఎండబెట్టి, పసుపులో సున్నం నేనే, తెలిసి, నా చేత్తోనే కలిపి, కొడవలి గీశాను. చూస్తుండగానే ఎర్రబడింది.

పక్కన గిన్నెలో చింతపండు నానుతోంది. ఒక్క చుక్క చాలు, పచ్చబడిపోతుంది. నేను ముట్టలేదు. ఎర్రగానే ఉండనిచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను.

అవ్ పటేలా. మా పసుపుల సున్నమున్నది.