కొసరు వేయని గోవిందాచారి అన్న

గోవిందాచారి అన్న పోయాడని నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.

కానీ ఆ కబురు ఫోన్ కంటే ముందే మా ఇంటికి వచ్చింది.

మా మీనాకు తొమ్మిదేళ్లు. నా ముసలితనంలో పుట్టిన బిడ్డ. రోజుకు ఇరవై సార్లు ఫిట్స్ వచ్చేవి. వచ్చే ముందు ప్రతిసారీ "నాయనా, బొగ్గు వాసన" అనేది. అంతే, పడిపోయేది.

మాత్రలకు లొంగలేదు. తాయెత్తు కట్టించాను. హరూర్ దగ్గర ఒకాయనతో వాత కూడా పెట్టించాను. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ మాత్రలతో పాటు కీటో డైట్ రాసిచ్చింది. అన్నం లేదు, చక్కెర లేదు. వెన్న, గుడ్డు, కొబ్బరినూనె, దేంట్లోనూ గ్రాము తేడా రాకూడదు. ఐదో క్లాసు చదివిన నాకు ఆ లెక్క ఎక్కడ తెలుస్తుంది?

ధర్మపురి బజారులో బొగ్గుల కుంపటి ముందు కూర్చుని నగలు చేసే అన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన అద్దాల పెట్టెలోని త్రాసు తీసి కడిగాడు.

"ఇంక దీనికి బంగారం ముట్టించనురా."

రెండేళ్లు రోజూ తూచి డబ్బాల్లో పెట్టి ఇచ్చాడు, మహానుభావుడు!

ఫిట్స్ తగ్గాక ఒకరోజు మా ఆవిడ మనసాగక పాపకు ఒక్క ముద్ద పెరుగన్నం పెట్టింది. సాయంత్రానికి మళ్లీ ఫిట్స్. అన్న ఇంటికొచ్చి అరిచాడు.

"ఏమ్మా, ఇదేమన్నా కూరగాయల అంగడా, కొసరు వేసేదానికి? నా జన్మలో ఎవరికీ కొసరు వేసినోణ్ణి కాదు!"

తర్వాత వాకిట్లో నిలబడి ఏడ్చాడు.

ఆ రోజు నుంచి పదకొండు నెలలు. ఒక్క ఫిట్ లేదు! ఈ సంతోషం చెప్పుకోకపోతే నా గుండె పగిలిపోతుంది.

నిన్న పొద్దున పాప ఆడుకుంటూ ఆగిపోయింది.

"నాయనా, బొగ్గు వాసన."

మా ప్రాణాలు పోయాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి కాచుకున్నాము.

ఫిట్ రాలేదు. పాప వాకిలి వైపు చూసి నవ్వింది.

"పెద్దనాయన వచ్చినాడు. తూకం సరిపోయిందంట."

వాకిట్లో ఎవరూ లేరు. బొగ్గు వాసన మాత్రం నాకూ వచ్చింది.

అప్పుడు ఫోన్ మోగింది.

అన్న ఇల్లు అంగడి వెనకే. అంగడి దాటి లోపలికి పోతూ చూస్తే, అద్దాల పెట్టెలో ఖాళీ త్రాసు ఒక పక్కకు వంగి ఉంది. అద్దం ఎవరూ తెరవలేదని ఆయన కొడుకు అన్నాడు.

సాగనంపే ముందు అందరూ అన్న నోట్లో కడసారి వేసే వాయ్కరిసి బియ్యం వేస్తున్నారు. మీనా కూడా వేసింది. తను తినకూడని బియ్యం. ఒక చిటికెడు వేసి, ఆగి, మళ్లీ ఇంకో చిటికెడు వేసింది.

"ఇది కొసరు, పెద్దనాయనా."

తిరిగి వస్తూ చూశాను. త్రాసు సమానంగా నిలబడి ఉంది.

పోయిరా అన్నా. బిడ్డ బాగుంది. ఇంక నువ్వు నిమ్మళంగా నిద్రపో.