మా ఆయన మేపిన నత్తలు

మా ఆయన వాటర్ వర్క్స్‌లో నత్తలు మేపేవారు. పెళ్ళికి ముందు ఈ సంగతి ఎవరూ నా చెవిన వేయలేదు. "పంపుల దగ్గర ఉద్యోగం" అన్నారంతే. కాపురానికి వచ్చాక చూస్తే, ఊళ్ళోకి పోయే ఏటి నీరు కొంత ఒక గాజు తొట్టిలోంచి పారేది. అందులో ఏటి నత్తలు నలభై. అవి మేత మేస్తుంటే నీళ్ళు మంచివని లెక్క. మేత మానేసి గుల్లల మూతలు బిగించుకున్నాయంటే నీళ్ళలో ఏదో కలిసినట్టు. ముందు వాల్వు కట్టేయాలి, ఆలోచన తర్వాత. అదీ ఆయన డ్యూటీ.

మధ్యాహ్నం టీ పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లో నోరు విప్పని మనిషి, ఆ గదిలో మాత్రం కబుర్ల పుట్ట.

"ఇవి కొరకవే, గీకుతాయి. నాలుక నిండా పళ్ళే!"

"మీ అక్కయ్యగారికి లాగా?" అంటే పొలమారేలా నవ్వేవారు.

గాజుకు పట్టిన పచ్చటి పాచి మీద నత్త మేసిన చోట వంకరటింకర గీత పడేది. పొద్దున్నే ఆ గీతలు చూసి ఏది కడుపునిండా తిన్నదో చెప్పేసేవారు. రాళ్ళ మీది పాచి, కుళ్ళిన ఆకులు, అడుగున పేరుకున్న మడ్డి తింటాయట. నీళ్ళలో తేలే నలుసుల్ని కూడా వడకట్టుకుంటాయట. పచ్చి ఆకు వేస్తే అది మెత్తబడేదాకా దాని మొహం కూడా చూడవట. నా తిండి గురించి ఇంత ఆరా ఎప్పుడైనా తీశారా అని ఉడుక్కునేదాన్ని.

నాకేమో శుభ్రం పిచ్చి. ఓ సాయంత్రం ఆయన మీటింగుకు వెళ్తూ, "కాస్త తొట్టి చూస్తుండు" అన్నారు. చూస్తూ ఊరుకుంటే నేనెందుకవుతాను? కొంగు బిగించి, ఇంత బట్టల సోడా వేసి, గాజునీ రాళ్ళనీ తళతళలాడేలా తోమేశాను. మడ్డంతా ఎత్తిపోశాను. తనే చూసి మెచ్చుకుంటారని ఆయనకు ముందుగా చెప్పలేదు.

మర్నాడు ఆయన మొహం చూద్దామని వెనకాలే వెళ్ళాను. గాజు మీద ఒక్క గీత లేదు. నత్తలన్నీ మూతలు బిగించి అడుగున పడి ఉన్నాయి. ఆయన పరుగున వెళ్ళి వాల్వు కట్టేశారు. తిరిగి వచ్చి తొట్టిని తేరిపార చూశారు. తర్వాత నన్ను చూశారు. అప్పటికే ఊరికి నీళ్ళు ఆగిపోయాయి.

పరీక్షలో నీళ్ళు మంచివేనని తేలింది. ఇంజనీరు నిప్పులు చెరుగుతూ వచ్చాడు.

"ఎవరు తోమారు దీన్ని?"

"నేనేనండి" అన్నారు ఆయన.

"ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని, నువ్వా?"

తలుపు వెనక నిలబడ్డ నేను ముందుకు రాలేదు. పిరికిదాన్ని. తొట్టి ఇంకొకరికి అప్పగించి, ఆయన్ని మోటార్ల గదిలో వేశారు.

"నా పేరు ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను ఇంటికొచ్చాక.

"చెబితే నిన్ను లోపలికి రానిచ్చిందెవరంటారు. రోజూ నీకోసం ఎదురుచూసింది నేనేగా" అన్నారు.

మోటార్ల గదికీ టీ పట్టుకెళ్ళాను, ఆయన రిటైరయ్యేదాకా పదకొండేళ్ళు. ఆ రొదలో పక్కమనిషి మాట వినబడదు. ఇంట్లో ఆయన ఎప్పటిలాగే మౌనం. ఇప్పుడు ఆయన లేరు. ఆయన గొంతు తలుచుకుందామని కూర్చుంటే, నాకు గుర్తొచ్చేవన్నీ నత్తలు ఏం తింటాయో చెప్పిన మాటలే.