మడిచీర ఆరిన గది

మంచు కురిసే పరాయి దేశంలో, నోవై అనే ఊరి దగ్గర, ఒక అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో ఇళ్లని వెచ్చబరిచే బాయిలర్ చూసుకునేవాడు యజ్ఞనారాయణ. అతన్ని పెంచిన దొడ్డమ్మ అతనితోనే ఉండేది. 1983 చలికాలంలో వాళ్ల అంతస్తులో అందరూ ఉక్కపోతని గోలపెట్టారు. ఆ అంతస్తు వేడిని కొలిచే సెన్సర్ వీళ్ల హాల్లోనే ఉంది. దొడ్డమ్మ తడి మడిచీర సరిగ్గా దాని ముందే ఆరేస్తోంది. గది చల్లగా ఉందనుకుని బాయిలర్ కంట్రోలర్ అంతస్తులోని రేడియేటర్లన్నిటికీ, అంటే గదుల్ని వెచ్చబరిచే గొట్టాలకి, వేడినీళ్లు పంపుతోంది.

"ఇంకోచోట ఆరెయ్యి దొడ్డమ్మా."

"ఎక్కడరా? వంటింట్లో ఎంగిలి, బాత్‌రూమ్‌లో మైల. బయటేస్తే మంచుకి అప్పడంలా విరుగుతుంది!"

అతను నవ్వి, కంట్రోలర్‌లో ఆ అంతస్తుకి పెట్టిన వేడిని నాలుగు డిగ్రీలు తగ్గించాడు. అందరికీ సరిపోయింది.

మరుసటి చలికాలంలో దొడ్డమ్మ పోయింది. దండెం ఖాళీ అయింది, సెన్సర్ ముందు తడి లేదు. కర్మ ముగియకముందే పక్కింటి జయంతి తలుపు తట్టింది.

"ఏమనుకోకండి అన్నయ్యగారూ, ఇల్లు చల్లబడిపోయింది. పిల్లలు వణుకుతున్నారు."

యజ్ఞనారాయణ కింద బాయిలర్ గదిలోకి దిగి కంట్రోలర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ నాలుగు డిగ్రీలు పెంచితే, ఆవిడ ఇక లేదని తనే ఒప్పుకున్నట్టు. చివరికి పెంచాడు. పైకెళ్లి జయంతి వాళ్ల రేడియేటర్ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. ఆమె కాఫీ తెచ్చేసరికి అది వెచ్చబడింది. అప్పటిదాకా కంటతడి పెట్టనివాడు అప్పుడు ఏడ్చాడు.