నా నంబరుకు వచ్చిన మెసేజ్

రాయదుర్గంలో నేను చేసే పనిని మెడికల్ కోడింగ్ అంటారు. అమెరికాలో ఎవరికో కాలు విరిగితే, అక్కడి డాక్టరు రాసిన కాగితాలు చదివి, ఆ విరిగిన ఎముకకు ఏ కోడ్ వేయాలో చూసి బిల్లుకు పంపుతాం. మా ఫ్లోర్‌లో సగం మంది ఒకప్పుడు డాక్టర్లు కావాలనుకున్నవాళ్ళే. టీ దగ్గర నిలబడితే ఎవరి నీట్ ర్యాంకు ఎంతో, సీటు ఎంతలో పోయిందో చెప్పుకుంటారు. నన్ను అడిగితే మాట మారుస్తాను. నాకు సీటు రాలేదని చెప్పడానికి సిగ్గేమీ లేదు. ఇంకొకరికి రాకుండా చేసిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని భయం.

ఆమె, నేను నిజాంపేటలో ఒకే కోచింగ్ సెంటర్‌లో చదివాం. మాది కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నాన్నది స్థలాల వ్యాపారం. ఆమెది హఫీజ్‌పేట్, రైల్వే స్టేషన్ వెనక రెండు గదుల కిరాయి ఇల్లు. వాళ్ళ నాన్న హైటెక్ సిటీ కంపెనీలకు జనాన్ని చేరవేసే క్యాబ్ డ్రైవరు. ఆమె గురుకులంలో ఇంటర్ చదివి, కోచింగ్ వాళ్ళు పెట్టిన పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకుని, ఫీజు లేకుండా చేరింది. ఫిజిక్స్‌లో నా బుర్రకెక్కని లెక్కలన్నీ ఆమే చెప్పేది. నేను ఇద్దరికి సరిపడా టిఫిన్ బాక్సు తీసుకెళ్ళేదాన్ని. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారన్న ఆలోచన ఆమెకు ఉండేది కాదు. నాకు ఉండేది.

దరఖాస్తులన్నీ మా ఇంట్లో, మా కంప్యూటర్ మీదే నింపాం. మొబైల్ నంబరు అడిగిన చోట ఆగిపోయింది. ఆమెకు ఫోన్ లేదు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్న కారులో డ్యాష్‌బోర్డుకు బిగించి ఉండేది. అది లేకపోతే ఆయనకు ట్రిప్పులు లేవు. ఇక్కడ మనకు ఓటీపీ కావలసినప్పుడు ఆయన ఏ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుని ఉంటాడో తెలియదు. అందుకని నా నంబరు పెట్టమంది. నేను పెద్ద ఉపకారం చేస్తున్నట్టు పెట్టాను. అలా ఆమెకు రావలసిన కబుర్లన్నీ నా జేబులోకి వచ్చాయి.

ఫలితాల్లో నాకు ఆమెకన్నా పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. ఆమెకు రిజర్వేషన్ ఉంది, నాకు లేదు. ఇక మా ఇంట్లో రోజూ అదే మాట.

"నీకంటే తక్కవొచ్చినోల్లకు సీటంట, నీకు లేదంట. ఇది యాడికి పోయి చెప్పుకోవల్ల?" అనేది అమ్మ, వచ్చినవాళ్ళ ముందూ పోయినవాళ్ళ ముందూ.

పైకి నేను అమ్మను కసిరేదాన్ని. లోపల మాత్రం ఆ మాట హాయిగా ఉండేది. వాళ్ళింట్లో చదువుకోవడానికి బల్ల కూడా లేదని, నీళ్ళ ట్యాంకరు రాగానే పుస్తకం మూసి బిందెలు పట్టుకుని పరిగెత్తేదని నాకు తెలుసు. నా కళ్ళతో చూశాను. అయినా ఆ పదకొండు మార్కుల ముందు అవేవీ గుర్తుకొచ్చేవి కావు.

కౌన్సెలింగ్ తొలి రెండు విడతల్లో ఇద్దరికీ సీటు రాలేదు. ఆ రెండుసార్లూ నేను మంచిదాన్నే. మెసేజ్ రాగానే వాళ్ళ ఇంటి కింద కిరాణా కొట్టుకు ఫోన్ చేసి పిలిపించాను. ఆమె నా పక్కన కూర్చుని తనకు కావలసిన కాలేజీలను వరసగా పెట్టుకుంది. వాటిని వెబ్ ఆప్షన్లు అంటారు. ప్రతి విడతకూ మళ్ళీ కొత్తగా పెట్టాలి. పెట్టకపోతే ర్యాంకు ఎంతున్నా లెక్కలోకి తీసుకోరు. మిగిలిన సీట్లకు ఇంకో విడత ఉంటుందని, అందులో ఆమెకు ఖాయమని కోచింగ్ సారు అన్నాడు. నాకు ఏ విడతలోనూ రాదని కూడా అదే గొంతుతో అన్నాడు.

ఆ మెసేజ్ ఒక గురువారం పొద్దున వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటల్లోగా ఆప్షన్లు పెట్టుకోవాలి. నేనప్పుడు నాన్న కారులో ఉన్నాను. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్చడానికి తీసుకెళ్తున్నాడు. ఇంకో ఏడాది అవే పుస్తకాలు, అవే బెంచీలు, అదే సారు. మెసేజ్ రెండుసార్లు చదివాను. ఇంటికి వెళ్ళాక చెబుదామనుకున్నాను. సాయంత్రం కిరాణా కొట్టు నుంచి ఆమే ఫోన్ చేసింది.

"ఏమన్నా మెసేజ్ వచ్చిందా?"

"ఇంకా రాలేదు. వస్తే నేనే చేస్తా కదా."

"సరే. జర చూస్తుండు. నాయిన రోజూ అడుగుతుండు."

మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. శుక్రవారం పన్నెండింటికి గుర్తుంది. ఒకటిన్నరకు గుర్తుంది. కంచం ముందు కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. రెండు అయింది. అన్నం తిన్నాను. ఆమెకు సీటు రాకూడదని నేను కోరుకోలేదు అని ఇక్కడ రాసుకోవాలని ఉంది. కోరుకున్నాను. నేను వెనకబడిపోతే నాతో పాటు ఆమె కూడా ఉండాలనిపించింది. అంతకన్నా పెద్ద కారణమేదైనా ఉందేమోనని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

సీట్లు నిండిపోయాయని ఎవరి ద్వారానో తెలిసి ఆమె పరుగున మా ఇంటికి వచ్చింది. మెసేజ్ రాలేదన్నాను. అప్పటికే దాన్ని ఫోన్‌లోంచి తీసేశాను. సర్వర్ తప్పై ఉంటుందని నేనే అందించాను. అందరం కలిసి సర్వర్‌ను తిట్టాం, అందరికన్నా గట్టిగా నేను తిట్టాను. వాళ్ళ నాన్న బండి పక్కన పెట్టి కౌన్సెలింగ్ ఆఫీసు వెతుక్కుంటూ వరంగల్ దాకా వెళ్ళాడు. అక్కడివాళ్ళు మెసేజ్ పంపామని, తేదీలు వెబ్‌సైట్‌లో కూడా ఉన్నాయని చూపించారట. మా బిడ్డ స్నేహితురాలు ఫోన్ చూసింది, రాలేదంది, ఆ అమ్మాయి అబద్ధమాడదు అని ఆయన వాళ్ళతో వాదన పెట్టుకున్నాడట. ఇది ఆమె నాకు మెచ్చుకోలుగా చెప్పింది. ఆ తర్వాత చివరి ర్యాంకుల జాబితా తెరిచి నేనొక్కదాన్నే చూశాను. ఆమె వెనకున్న ర్యాంకులకు కూడా సీట్లు వచ్చాయి.

ఇంకో ఏడాది కూర్చుని చదవడానికి వాళ్ళింట్లో వీలు కాలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. నాకు మరుసటి ఏడు కూడా రాలేదు. అది నాకు పడిన శిక్ష అనుకుని ఊరట పొందాలని చూశాను గాని, అది నా చదువుకు తగ్గ ఫలితం మాత్రమే. ఫార్మసీ చదివి ఈ కోడింగ్‌లోకి వచ్చిపడ్డాను. ఆమె గచ్చిబౌలి వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ నర్సు అయింది. మా అమ్మకు డెంగ్యూ వచ్చి అక్కడే చేర్చినప్పుడు, తన డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి కూర్చునేది. రక్తం రిపోర్టు డాక్టరు కన్నా ముందు ఆమే చూసి మాకు ధైర్యం చెప్పేది. ఆమె వెళ్ళగానే అమ్మ నా వైపు తిరిగి, "ఈ పిల్ల డాక్టరు కావల్సింది మే. యాడ తప్పిందో, పాపం" అంది. నేను ఫ్లాస్కు కడగాలని చెప్పి బయటికి వచ్చేశాను.

పోయిన వారం మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర కలిశాం. ఆమె చెల్లెలు ఈసారి నీట్ రాస్తోంది. దరఖాస్తు నింపాలి. తను ఐసీయూలో ఉన్నంతసేపూ ఫోన్ లాకర్‌లో ఉంటుందని, చెల్లెలి హాస్టల్లో అసలు ఫోన్ ఉంచుకోనివ్వరని చెప్పింది.

"నీ నంబరే పెడ్తా. నువ్వైతే మంచిగ చూస్కుంటవ్."

"నా నంబరు వద్దు. మన కౌన్సెలింగప్పుడు మెసేజ్ వచ్చింది" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. ఎప్పుడని అడిగింది. గురువారం పొద్దున అన్నాను. తను ఫోన్ చేసిన సాయంత్రానికి ముందేనా అంది. ముందే అన్నాను. చూశానని, కావాలనే చెప్పలేదని కూడా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చేతిలోని చాయ్ కప్పును బండి మీద పెట్టేసి, రోడ్డు మీద పోతున్న కంపెనీ క్యాబ్‌ల వైపు తిరిగింది.

"మా నాయిన ఇప్పటికీ ఏమంటడో తెల్సా? గప్పుడు నా ఫోన్ బిడ్డకిచ్చి ఉంటే సీటు వస్తుండె అంటడు. ట్రిప్పుల ఆశకు పిల్ల చదువు నేనే పోగొట్టిన అంటడు. నేను డ్యూటీకి పోతుంటే ఒక్కోసారి నా మొఖం గూడ చూడడు."

ఇది నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నా తప్పు నా దగ్గరే ఉందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా మోస్తున్నానని నా మీద నాకు కాస్త జాలి, కాస్త గర్వం కూడా ఉండేవి. తీరా చూస్తే దాన్ని మోస్తున్నది ఆయన.

క్షమించమని ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పుడు కాదు. నాయినకు చెప్పు. ఐతారం ఇంట్లనే ఉంటడు."

అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఫోన్ లేదు.

రేపు ఆదివారం. మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పొద్దుటి నుంచి ఇదంతా రాస్తున్నాను. ఆయన నన్ను మొదటి నుంచీ బిడ్డా అనే పిలుస్తాడు. రేపు తలుపు తీసినప్పుడు కూడా అలాగే పిలుస్తాడు, కూర్చోమంటాడు, చాయ్ పెట్టమని లోపలికి కేకేస్తాడు. ఆ చాయ్ రాకముందే చెప్పెయ్యాలి.