మాస్టారి తాళానికి కోసిన సీను

అరబ్బు దేశంలో ఉన్న మా సంస్థ తీసే తెలుగు అంతరిక్ష సినిమాల వరుసలో మొదటి నాలుగింటికీ సంగీతం ఒక్కరే చేశారు. ఆయన్ని అందరం మాస్టారు అనేవాళ్లం. కోవిడ్ సద్దుమణిగి అయిదో భాగం మొదలుపెట్టబోతుండగా ఆయనే ఫోన్ చేశారు.

"సన్నటి స్వరాలు వినపడ్డం లేదండి. వినపడనిది వినపడినట్టు నటించడం నా వల్ల కాదు. ఇంకొకర్ని చూసుకోండి."

ఎవరూ లెమ్మనకముందే కుర్చీలోంచి లేచిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మా జమీందారీ వంశంలో అయితే అసలే లేరు. దివాణం పోయాక కూడా దర్బారు నడిపినవాళ్లం మేము.

సంస్థలో ఒప్పందాలు, ఏర్పాట్లు నావి. కొత్తవాళ్లను వెతికే పనీ నాకే వచ్చింది. హైదరాబాదు నుంచి ఒకరు, చెన్నై నుంచి ఒకరు పోటీకి ఒప్పుకున్నారు. మూడో మనిషి ఇక్కడే బనియాస్‌లో ఒక స్కూల్లో సంగీతం నేర్పే అమ్మాయి. ఉగాది కార్యక్రమంలో ఒక నాటకానికి ఆమె చేసిన సంగీతం విని నేనే పిలిచాను. అప్పటికి ఆమె సినిమా ముఖం చూడలేదు.

ముగ్గురికీ ఒకే సీను పంపాం. వ్యోమనౌక తలుపు తెరుచుకుంటుంది. తండ్రి చనిపోయిన ఎర్ర నేల మీద కూతురు మొదటిసారి కాలు పెడుతుంది. మాటలు లేవు.

అల్ వర్సాన్ గోదాముల మధ్య మా స్టూడియో. ఏసీ హోరు ఎంతంటే, పాట వినాలంటే దాన్ని కట్టెయ్యాల్సిందే. నడి వేసవిలో చొక్కాలు వీపులకు అతుక్కుపోతుండగా ముగ్గురివీ విన్నాం. దర్శకుడు కరీంనగర్ వైపు మనిషి. మూడూ అయ్యాక తల పట్టుకున్నాడు.

"ఎవరిది విన్నా సప్పగనే ఉన్నది సార్. సీను నడుస్తలేదు. కుంటుతున్నది."

అమ్మాయి పంపినది నాకు నచ్చింది. వీణ మంద్రంలో ఒక్కో తీగ మీటు, మధ్యలో చాలాసేపు ఏమీ లేదు, చివర్లో ఆడగొంతుల కూనిరాగం. కానీ తెర మీద పెడితే అది కూడా కుంటింది. ఆ మాట అబద్ధం కాదు.

నిర్మాత పాతబస్తీలో పెరిగి ఇక్కడ స్థిరపడినవాడు. ఏ చిక్కుకైనా అప్పటికప్పుడు దారి చెప్పేస్తాడు.

"మాస్టారి పేరు పోస్టర్ మీద లేకపోతే డిస్ట్రిబ్యూటర్లు భయపడతారు. పేరు ఆయనది పెడదాం. పని ఆ పిల్లతో చేయిద్దాం, మాస్టారి స్టైల్లో చెయ్యమందాం. ఆమెకూ పైసలొస్తాయి, ఆయనకూ వస్తాయి. ఖలాస్! దివాణం గారూ, యల్లా, బయల్దేరండి, సంతకాలు పట్టుకురండి."

ఆ సంగతి అమ్మాయికి నేనే ఫోన్‌లో చెప్పాను.

"నా పేరు ఎక్కడా ఉండదా అంకుల్?"

"ఉండదమ్మా."

"అమ్మ ఒప్పుకోమంటుంది. మొదటి అవకాశం కదా అని. నాకేమో... మాస్టారు ఏమంటారో చూసి చెప్తాను అంకుల్."

మాస్టారు ఖోర్ ఫక్కాన్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నారు. అల్లుడికి ఓడరేవులో ఉద్యోగం. మర్నాడు కొండల మధ్య దారిలో కారు నడుపుతుంటే మా తాతగారి పేరున్న బియ్యం మిల్లు గుర్తొచ్చింది. మిల్లు చేతులు మారినా కొన్నవాళ్లు గోడ మీద పేరు చెరపలేదు, గిరాకీ పోతుందని. వాళ్లు నూకలు కలిపితే తిట్లు మా తాతగారికి. అరువిచ్చిన పేరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా పని పనే కనుక కాగితాలు తీసుకుని వెళ్లాను.

మాస్టారు లుంగీ కట్టుకుని, చెవి మిషను పెట్టుకుని హాల్లో కూర్చున్నారు. ఒప్పందం మొత్తం చదివి నా ఒళ్లో పెట్టారు.

"ఆ పిల్ల చేసినదానికి నాకు దండ వేస్తే మెడ వంచి వేయించుకోవాలా? సిగ్గుండదా? సరే గానీ, ఆవిడ పాట తెచ్చారా?"

సీను లాప్‌టాప్‌లో వేసి చూపించాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు చూశారు.

"ఈ సీనుని ఏ సంగీతం మీద కోశారు?"

కొత్త సంగీతం వచ్చేదాకా పాత భాగాల సంగీతం వేసుకుని ఎడిటింగ్ చేసుకోవడం మా దగ్గర మామూలే. "మీదే మాస్టారూ. మూడో భాగంలోది," అన్నాను.

ఆయన పకపకా నవ్వారు. వంటింట్లోంచి కూతురు తొంగిచూసింది.

"అదీ సంగతి! నా డప్పు దెబ్బ పడ్డచోటల్లా షాటు మార్చుకున్నారు. నా కొలతకి కుట్టిన చొక్కా ఇంకొకళ్లకి వేసి, మనిషి బాలేదంటే ఎలాగండీ? పదండి, నేనూ వస్తాను."

ఆ మధ్యాహ్నమే స్టూడియోకి తీసుకొచ్చాను. అమ్మాయినీ రమ్మన్నాను. ఆమె వచ్చి గోడవారగా నిలబడింది. మాస్టారు దర్శకుడి పక్కన కుర్చీ వేయించుకున్నారు.

"ముందు నా సంగీతం తీసెయ్యండి."

"అది తీస్తే సీను పానం పోయినట్టుంటది సార్."

"పోనివ్వండి. దానికి సొంత ప్రాణం ఉందో లేదో చూద్దాం."

దర్శకుడు మొహం ముడుచుకుని తీసేశాడు. మూగ సీను మళ్లీ మళ్లీ చూశారు. మాస్టారు ఏమీ చెప్పలేదు. నాలుగోసారో అయిదోసారో దర్శకుడే, "ఈ తలుపు షాటు తొందరగ కట్ జేసిన. పిల్ల ముఖం ఇంకొంచెం సేపు ఉండాలె," అన్నాడు. ఎడిటర్ అది పెంచాడు. తరువాత పాదం షాటు పెంచారు. తుళ్లిపడేట్టున్న రెండు షాట్లు ఎత్తేశారు. సాయంత్రానికి అది వేరే సీను అయింది.

అప్పుడు అమ్మాయి పాట వేశారు. తలుపు తెరుచుకోవడానికి ముందే మొదటి మీటు పడింది. కూతురు నేల మీద కాలు పెట్టాక చాలాసేపు ఏమీ లేదు. ఆ తరువాత కూనిరాగం వచ్చింది. దర్శకుడు కుర్చీ అంచుకు వచ్చాడు. మాస్టారు తెర వైపు చూడటం లేదు, దర్శకుడి వైపు చూస్తున్నారు.

అయిపోయాక ముందు మాస్టారే అన్నారు.

"నాకు పాట సగమే వినపడింది. ఈయన మొహం మాత్రం పూర్తిగా కనపడింది. ఇంక నన్ను అడక్కండి."

"గీమెనే సార్," అన్నాడు దర్శకుడు. "ఇంకెవ్వరొద్దు."

వెనక కూర్చున్న నిర్మాత చివరి ప్రయత్నం చేశాడు. "కనీసం 'మాస్టారి ఆశీస్సులతో' అని పోస్టర్ మీద..."

"ఆశీస్సులు ఇప్పుడే, ఇక్కడే ఇస్తాను బాబూ. పోస్టర్ మీద ఆవిడ పేరొక్కటే ఉండాలి. రా అమ్మాయ్."

ఆమె వంగి కాళ్లకు దణ్ణం పెట్టబోతే భుజం పట్టి ఆపారు. "ఆ కూనిరాగం బాగుంది. అది వదలకు. నాలా చెయ్యమని ఎవరన్నా అంటే వినకు," అన్నారు.

మాస్టారి కన్నా గొప్ప సంగీతం చేసినవాళ్లు ఉండవచ్చు. తాను కట్టినదాన్ని తన చేత్తోనే దారికి అడ్డం లేకుండా తీసి పక్కన పెట్టడం మాత్రం ఆయన దగ్గరే చూశాను.

నేను కొత్త ఒప్పందం అచ్చు వేయించి తెచ్చాను. సంగీతం అన్నచోట ఆమె పేరు, అదొక్కటే. ఆమె చదివి, సంతకం చేసి, నా వైపు తిరిగింది.

"మిగతా సీన్లు ఎప్పుడిస్తారు అంకుల్? ఏ సంగీతం లేకుండా కోసినవి కావాలి."

మా ఇంట్లో వయసులో చిన్నవాళ్లను మర్యాదగా పిలిచే అలవాటు లేదు. నాకూ లేదు.

"రేపు పొద్దున పంపిస్తానండి," అన్నాను.